ఎర్ర గుర్తుల సాక్ష్యం

ఆయుధపూజ అయిన కొన్నాళ్లకు పువనేశన్ ఇంట్లో కంప్యూటరుకు ఏదో మాయరోగం పట్టుకుంది. పొద్దున్న బాగానే లేస్తుంది. ఎండ ఎక్కి, వంటింట్లో అన్నం ఉడికే వేళకు టక్కున ఆరిపోతుంది. బొత్తాం నొక్కితే ఒక్కోసారి వెంటనే లేస్తుంది, ఒక్కోసారి కాసేపు అలిగి కూర్చుని లేస్తుంది.

ఉత్త సినిమాలు చూసుకునే కంప్యూటరైతే ఎవరూ పట్టించుకోకపోదురు. దానిమీదే పువనేశన్ భార్య మోహనప్రియ ఉద్యోగం నడుస్తోంది. కౌలాలంపూర్‌లో ఉన్న ఒక ఇన్సూరెన్సు కంపెనీకి ఆమె ఆస్పత్రి బిల్లులు ఇంటినుంచే ఎక్కిస్తుంది. లైను తెగిందంటే, అక్కడి సూపర్‌వైజరు దృష్టిలో ఆమె కుర్చీ వదిలి ఊరుమీద పడ్డట్టే.

పువనేశన్ వాళ్లు ఉంటున్న మలేషియా ఊరు క్లాంగ్‌లోనే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జి. అక్కడ మెషిను ఆగితే కారణం తేల్చి, కారకుడి పేరు రాసి, సంతకం పెట్టేదాకా నిద్రపోని మనిషి. అలాంటివాడికి ఫ్యాక్టరీలో ఉండగా ఇంటినుంచి ఫోను.

"మళ్ళీ పోయింది! బిల్లు సగంలో ఉంది. స్క్రీన్ నల్లగా అయిపోయింది, నో సిగ్నల్ అని రాసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. నేనేటి చెయ్యాలి?"

"బొత్తాం నొక్కు."

"నొక్కినాను. లేవట్లేదు." మోహనప్రియ గొంతు తగ్గించింది. "పెద్దమ్మ వంటింట్లోనే ఉన్నారు."

ఆ చివరి మాటలో ఆమె అననిది కూడా పువనేశన్‌కు వినపడింది. హాల్లో ప్లగ్గులు చాలక, కంప్యూటరుకూ దాని స్క్రీనుకూ కలిపి ఒకే పొడుగు వైరు వేసి, తలుపు పక్కనుంచి లాగి, వంటింట్లో అన్నం కుక్కరు పక్కనున్న ప్లగ్గుకు తగిలించింది తనే. ఆ ప్లగ్గు సూయిస్, అదే స్విచ్చి, పెద్దమ్మ మోచేతికి అందేంత దూరంలో ఉంటుంది.

పెద్దమ్మ పేరు కూర్మమ్మ. పువనేశన్ తల్లికి అక్క. బాగన్ దాతుక్‌లో కొబ్బరితోట కూలీల లైను ఇళ్లలో పుట్టి, అక్కడే పెళ్లాడి, అక్కడే మొగుణ్ణి పోగొట్టుకుంది. పిల్లల్లేరు. పువనేశన్ తల్లి కొబ్బరికాయలు ఒలిచే పనికి పోతే, వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఈవిడే. లైను ఇళ్లు ఖాళీ చేయమన్నప్పుడు వాడే కారు వేసుకుని వెళ్లి, ఒక పెట్టె, ఒక చాప, ఒక రుబ్బురోలుతో సహా తెచ్చుకున్నాడు. రుబ్బురోలు వద్దన్నా తెచ్చాడు. ఆ రోజు వాడు మంచివాడే.

ఆవిడకున్న ఒకే ఒక్క చాదస్తం సూయిస్‌లు. తోటలో జనరేటరు కరెంటు ఉన్న కాలంలో, ఒక్క బల్బు ఊరికే వెలిగినా గుమస్తా లైనంతా వినేలా తిట్టేవాడట. ఆ భయం చేతుల్లో ఉండిపోయింది. గదిలోంచి మనిషి లేస్తే ఫ్యాను ఆపేస్తుంది. స్నానానికి వేసిన హీటరు, స్నానం చేసేవాళ్లు లోపలుండగానే ఆపేస్తుంది. పువనేశన్ కూతురు తనూష ఫోను చార్జింగుకు పెట్టి పక్కకు తిరిగితే చాలు, ఆపేస్తుంది. "పాటి కరెంట్ పోలీస్ లా!" అని తనూష, నాయనమ్మను తమిళంలో పాటి అని పిలుస్తూ, పడీపడీ నవ్వేది. పదిహేనేళ్ల పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఏ భాష ముందు దొరికితే దాంట్లో ఇస్తుంది.

శనివారం పువనేశన్ కంప్యూటరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ యంత్రం తనకు ఏం జరిగినా లోపల రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. తెరిచి చూస్తే వరసగా ఎర్ర గుర్తులు. ప్రతి గుర్తు కిందా అదే మాట: సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్ళీ మొదలైంది, సిస్టమ్ స్పందించడం మానేసినా, క్రాష్ అయినా, అనుకోకుండా కరెంటు పోయినా ఇలా జరగవచ్చు.

మూడు కారణాలు చెప్పింది యంత్రం. పువనేశన్‌కు మూడోదే నచ్చింది.

అయినా పద్ధతి మనిషి కదా. డ్రైవర్లనే ప్రోగ్రాములు కొత్తవి వేశాడు. మెమొరీ పరీక్ష పెట్టాడు. వైరు మార్చాడు. ఇంటర్నెట్‌లో ఒక సలహాల పేజీలో తన బాధ రాస్తే, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు "మూత విప్పి లోపల దుమ్ము తుడవండి" అని జవాబిచ్చాడు. పువనేశన్‌కు రోషం వచ్చింది. రోజుకు రెండుసార్లు తడిబట్ట పెట్టే ఇల్లిది, దుమ్మెక్కడిది అనుకున్నాడు. ఆ తడిబట్ట పెట్టేది పెద్దమ్మ అన్న సంగతి ఆ కోపంలో గుర్తు రాలేదు. పేజీ మూసేసి, ఎప్పట్లాగే గుళ్లో ఇచ్చిన పొట్లంలోంచి విభూది చిటికెడు తీసి, కంప్యూటరు నెత్తిన మూడు వేళ్లతో గీసి, బొత్తాం నొక్కాడు. ఆయుధపూజనాడు మొదలుపెట్టిన అలవాటది. ఆ రోజు గంధమూ కుంకుమా పెట్టి, నిండుగా విభూది పూశాడు. తర్వాత ఆరిపోయి లేచిన ప్రతిసారీ ఒక చిటికెడు. డ్రైవర్ల పని డ్రైవర్లది, దేవుడి పని దేవుడిది.

ఆ మర్నాడు పెద్దమ్మను పిలిచాడు.

"పెద్దమ్మా, ఇలారా. ఇక్కడ కూకో."

"ఏటి బాబూ? పొయ్యిమీద కూరున్నాది."

"కూర ఎక్కడికీ పోదు. ఈ ఎర్రవి సూడు. కంప్యూటరు చచ్చినప్పుడల్లా ఇది రాసుకుంటాది. ఏ టైముకి చచ్చినాదో కూడా రాసుకుంటాది. ఆ టైముకి వంటింట్లో ఎవరున్నారు?"

కూర్మమ్మ ఆ ఎర్ర చుక్కలకేసి భయంగా చూసింది. చదువు రాదు. ఎరుపంటే కుంకుమో రక్తమో అని మాత్రం తెలుసు.

"నానే ఉంటాను. అన్నం వొండొద్దేటి?"

"సూయిస్ ఆపినావా?"

"ఆపనేదు. దాన్ని ముట్టొద్దని నువ్వు సెప్పినావు గదా."

"సుమ్మా, ఊరికే చెప్పొద్దు పెద్దమ్మా," అంది మోహనప్రియ తలుపు దగ్గర నిలబడి. "ఫ్యాన్ ఆపలేదన్నారు, ఆపినారు. హీటర్ ఆపలేదన్నారు, నేను తల నిండా సబ్బుతో బయటికొచ్చినాను. అన్నీ ఆపే చెయ్యి ఇదొక్కటే ఆపలేదా?"

"అవన్నీ ఆపినాను తల్లీ, కాదన్నేదు. ఇది మాత్రం ముట్టనేదు."

"మరి ఇది అబద్ధం చెప్తున్నాదా?" పువనేశన్ స్క్రీను మీద వేలితో టకటకా కొట్టాడు. "మనుషులు చెప్తారు అబద్ధాలు. ఇది చెప్పదు."

 కూర మాడు వాసన వచ్చింది. ముసలామె లేచి వెళ్లింది. ఆ పూట మాడిన కూర గురించి కూడా మాట పడింది.

సూయిస్ మీద పువనేశన్ టేపు అంటించాడు. రెండురోజులు పోయాక కంప్యూటరు మళ్ళీ ఆరిపోయింది. టేపు ఒక అంచున లేచి ఉంది. కుక్కరు ఆవిరి రోజూ ఆ గోడకే కొడుతుంది. ఆ గోడమీద తనూష అంటించిన బొమ్మలు కూడా నెలకోసారి ఊడి పడుతుంటాయి. అదంతా చూస్తూనే ఉన్న పువనేశన్, లేచిన ఆ అంచుకు ఫోనుతో ఫొటో తీసి పెద్దమ్మకు చూపించాడు.

"ఇదేటి?"

"నాకు తెల్దు బాబూ."

"టేపు తన కాళ్లమీద తనే లేచినాదా?"

తర్వాత ఆవిణ్ణి వాకిట్లో కూర్చోబెట్టడం మొదలైంది. మోహనప్రియ పనిలో ఉన్నంతసేపూ, కారు నిలిపే రేకుల నీడన, ప్లాస్టిక్ కుర్చీలో. వంట తెల్లవారకముందే చేసి పెట్టాలి. కూర్మమ్మ ఎదురు చెప్పలేదు. కుర్చీలో కూర్చుని కాకర పాదు పురుగులు ఏరుకుంటూ ఉండేది. పక్కింటి చీనా ఆవిడ రోజూ గోడమీదుగా చూసి, ఒకరోజు ఒక కప్పు టీ, ఇంకోరోజు అరటిపండు అందించేది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ పిట్టగోడ దగ్గర కాసేపు ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ ఇంట్లో ఆ రోజుల్లో ఆవిడకు దక్కిన నవ్వు అదే.

ఒక మధ్యాహ్నం ఫెళఫెళమని వాన దిగింది. ఆరేసిన బట్టలు తడిసిపోతున్నాయని కూర్మమ్మ పరుగున వాటిని లాగి, పెరటి తలుపులోంచి లోపలికి వచ్చింది. అంతకు కాస్త ముందే, వాన రాకముందరి ఉక్కలో, కంప్యూటరు ఆరిపోయి ఉంది. మోహనప్రియ తల ఎత్తేసరికి వంటింటి గుమ్మంలో, చేతినిండా బట్టలతో పెద్దమ్మ.

"లోపలికెందుకు వచ్చినారు?"

"బట్టలు తల్లీ..."

"రావొద్దన్నామా లేదా?"

ఆ సాయంత్రం సూపర్‌వైజరు దగ్గర్నుంచి కబురొచ్చింది: ఇంకొక్కసారి లైను తెగితే ఆమెకు బదులు వేరే మనిషిని చూసుకుంటామని. మోహనప్రియ ఏడ్చింది. నిజమైన ఏడుపే. ఆ ఉద్యోగం కోసం ఆమె మూడు పరీక్షలు రాసింది. "మీకు మీ పెద్దమ్మ కావాలా, నా పని కావాలా, చెప్పేయండి," అంది. పువనేశన్ గిన్నె విసిరికొట్టాడు. తనూష చెవుల్లో పాటలు పెట్టుకుని తలుపు వేసుకుంది.

కూర్మమ్మ వంటింటి గుమ్మం దగ్గర నేలమీద కూలబడి, తన కుడిచెయ్యి వైపు చాలాసేపు చూసుకుంది. వేరే ఎవరిదో చూస్తున్నట్టు చూసింది.

"బాబూ," అంది చివరికి. "నానేనేమో."

"ఏటి?"

"నానే ఆపీసినానేమో. నాకు తెలీకండానే ఈ సెయ్యి ఎల్లిపోతన్నాదేమో. వయిసు అయిపోనాది గదా. నువ్వూ ఆ పిల్లా కొట్టుకోకండి. నానే."

పువనేశన్‌కు ఒళ్లు తేలికైంది. ఫ్యాక్టరీలో కారకుడి పేరు దొరికి, కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కలిగే తేలికదనం అది. జాలి కూడా కలిగింది. ఒప్పుకున్నవాళ్లమీద జాలిపడటం ఎంత సుఖమో అప్పుడే తెలిసింది. "ముందే చెప్పుంటే ఇంత గొడవే లేకపోయేది," అన్నాడు మెత్తగా.

కాపార్ దారిలో ముసలివాళ్లను చూసుకునే ఇల్లొకటుందని ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు. శుభ్రమైనదే, వేళకు తిండి పెడతారు, తమిళం మాట్లాడేవాళ్లున్నారు. ఆదివారం బయల్దేరారు. మోహనప్రియ ఆవిడ చీరలు తనే మడతపెట్టింది, కొత్త తువ్వాలు ఒకటి అడుగున పెట్టింది, మోకాళ్ల నొప్పుల నూనె మూత గట్టిగా బిగించింది. అదీ చేసింది ఆ చేతులతోనే.

వాకిలి దాటబోతూ కూర్మమ్మ వెనక్కి తిరిగింది. హాల్లోకి వచ్చి, కంప్యూటరుకు నాలుగడుగుల దూరంలో ఆగింది. అంతకన్నా దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు. రెండు చేతులూ జోడించి, "తప్పయిపోనాది," అంది దానితో.

తనూష ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. పువనేశన్ కారు తాళాలు వెతుక్కున్నాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రమే తనూష పెద్దమ్మ గదిలోకి మారింది. చాప చుట్టి మంచం కింద తోసింది.

వారం రోజులు వానలు. ఊరు చల్లబడింది. కంప్యూటరు ఒక్కసారీ ఆగలేదు. పువనేశన్ రోజూ ఫ్యాక్టరీనుంచి రాగానే లాగ్ తెరిచి చూసి, ఎర్ర గుర్తు లేదని భార్యకు చూపించి, "చూసినావా?" అనేవాడు. ఆమె ఊపిరి పీల్చుకునేది. పెద్దమ్మను ఉంచిన ఇంటికి వెళ్లి చూసి రావాలని ఇద్దరూ అనుకున్నారు, వానలు తగ్గాక.

వానలు తగ్గాయి. పువనేశన్ సెలవు పెట్టి ఇంట్లో ఉన్న రోజు ఎండ నిప్పులు చెరిగింది. మోహనప్రియ బిల్లులు ఎక్కిస్తోంది. అతను సోఫాలో పడుకుని పేపరు చూస్తున్నాడు. వంటింట్లో ఎవరూ లేరు. వాళ్లిద్దరూ తప్ప ఇల్లంతా ఎవరూ లేరు.

టక్.

"ఐయో!" అంది మోహనప్రియ.

పువనేశన్ లేచి కూర్చున్నాడు. నల్లటి స్క్రీను మీద నో సిగ్నల్ అన్న అక్షరాలు నెమ్మదిగా అటూ ఇటూ తిరుగుతున్నాయి. వాటిని అతను అప్పుడే మొదటిసారి కళ్లారా చూశాడు. భార్య ఫోనులో ఎన్నోసార్లు చెప్పింది. విన్నాడు. ఇప్పుడు చూస్తూ చూస్తూ, స్క్రీను వెనకనుంచి వంటింట్లోకి పోయే వైరు వెంట చూపు పోనిచ్చాడు. స్క్రీనుదీ కంప్యూటరుదీ ఒకే వైరు, ఒకే సూయిస్. సూయిస్ ఆపితే ఈ అక్షరాలు ఎక్కడివి? సూయిస్ ఆపితే స్క్రీను కూడా చచ్చిపోవాలి కదా. ఇన్నాళ్లూ అది బతికే ఉంది. ఆరిన ప్రతిసారీ, పెద్దమ్మ ఆపలేదు ఆపలేదని అది రాసి చూపిస్తూనే ఉంది.

కంప్యూటరు మీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది. పక్క మూత విప్పాడు.

లోపలినుంచి గుడి వాసన వచ్చింది. నెత్తిన గాలి పోయే చిల్లుల్లోంచి చిటికెడు చిటికెడుగా రాలిన విభూది, కింద వేడిని లాగే రేకుల మధ్య పడి, ఈ ఊరి తేమకు సిమెంటులా గట్టిపడింది. ఫ్యాను రెక్కలు బూడిదరంగులో తిరగలేక తిరిగి ఆగి ఉన్నాయి. వేడి పోయే దారి లేక యంత్రం తనంతట తనే ఆరిపోతోంది. అంచున ఎండిన గంధం, దానిమీద కుంకుమ. ఆయుధపూజనాటిది. అతని వేళ్ల గుర్తే.

"ఏటది?" మోహనప్రియ వంగి చూసింది.

"విభూది."

"ఎవరు పోసినారు?"

"నేనే."

 ఆమె చీపురుపుల్ల, పాత టూత్‌బ్రష్ తెచ్చి అతని పక్కన కూర్చుంది. ఇద్దరూ కలిసి రాల్చారు. పేపరు మీద ఒక పిడికెడు పోగైంది. మూత బిగించి వెలిగిస్తే, కొత్తది కొన్న రోజున చేసినంత సన్నని చప్పుడు చేసింది.

"ఆమెను తీసుకొద్దాం," అన్నాడు పువనేశన్.

"తీసుకొద్దాం." పేపరు మడతపెడుతూ ఆమె ఆగింది. "ఏమని తీసుకొస్తారు?"

"అదేటి?"

"ఊళ్లో మీ వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పినారు కదా, పెద్దమ్మకి మతిమరుపు వచ్చినాదని. తనూష అప్పుడే గది సర్దుకుంది. ఆమె కూడా ఒప్పుకున్నారు కదా, నానే అని. ఇప్పుడు మనం పోయి, కాదు మేమే అంటే..." ఆమె పేపరు మడత నొక్కింది. "మీ ఇష్టం. నేను అడ్డం చెప్పను."

అడ్డం చెప్పి ఉంటే బాగుండుననిపించింది అతనికి. ఎవరిమీదన్నా కోప్పడటానికి ఉండేది.

ఆదివారం ఒక్కడే వెళ్లాడు. దారంతా చెప్పాల్సిన మాట వల్లించుకున్నాడు. నీ తప్పేం లేదు పెద్దమ్మా, నాదే తప్పు, ఇంటికి పద. పొడుగు మాటేం కాదు.

కోగిల అనే ఆయా గుమ్మంలో ఎదురొచ్చింది. "కూర్మమ్మ పాటియా? రాండి. మంచివారు. తకరారే లేదు. ఒక్కటే, సూయిస్ మాత్రం ముట్టరు. ఫ్యాను కావాలన్నా ముట్టరు, లైటు కావాలన్నా ముట్టరు. చీకట్లో, ఉక్కలో అలాగే కూకుంటారు. నేను అటు పోయినప్పుడల్లా వేసి వస్తాను." ఆ మాట చెప్పి, ఆమె నిజంగానే ముందు నడిచి, గదిలో ఫ్యాను వేసి, వీళ్లను వదిలి వెళ్లింది.

కూర్మమ్మ కిటికీ పక్క మంచంమీద, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. అతన్ని చూడగానే మొహం విచ్చుకుంది.

"వొచ్చినావా బాబూ! సిక్కిపోనావేటి? తిన్నావా?"

"తిన్నాను పెద్దమ్మా."

"కూకో. ఈ మంచం మెత్తగున్నాది." ఆవిడ కాస్త జరిగి, గొంతు తగ్గించి, జ్వరంతో ఉన్న బిడ్డ గురించి అడిగినట్టు అడిగింది. "ఆ యంత్రం ఎలాగున్నాది?"

పువనేశన్ నోరు తెరిచాడు. వల్లించుకున్న మాట నాలుక చివరికి వచ్చింది. ఆవిడ కళ్లు అతని మొహాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. ఎంత చిన్న మాట.

"బాగున్నాది."

"నానొచ్చినాక మళ్లా ఆగినాదేటి?"

"లేదు పెద్దమ్మా," అన్నాడు. "ఒక్కసారీ ఆగలేదు."

కూర్మమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత నవ్వింది. పళ్లు లేని నోరంతా తెరిచి, భుజాలు కదిలేలా నవ్వింది.

"సూసినావా! నాను ఎల్లిపోతే బాగైపోద్దని నాకు తెల్సు. ఆ పిల్ల ఉజ్జోగం నిలబడ్డాదా?"

"నిలబడ్డాది."

"అమ్మయ్య." ఆవిడ చేతులు ఒకదాన్నొకటి వదిలేసి, దుప్పటి మీద తీరిగ్గా వాలాయి. "దేవుడు మంచోడు బాబూ. ఇన్నాళ్లకి నావల్ల మీకొక మంచి జరిగినాది."

 అతను కింద చూస్తూ, తొందర తొందరగా అన్నాడు: "ఇంటికొచ్చేయి పెద్దమ్మా. నాతో వచ్చేయి. ఇప్పుడే."

కూర్మమ్మ ఉలిక్కిపడి మంచంమీద వెనక్కి జరిగింది.

"ఓలమ్మో! ఒద్దు బాబూ. బాగుపడ్డదాన్ని మళ్లా పాడు సెయ్యమంటావేటి? నా సెయ్యి నాకే తెల్దు గదా. నానిక్కడే ఉంటాను. నువ్వు నా మీద బెంగెట్టుకోకు."

ఇప్పుడన్నా చెప్పొచ్చు. ఆవిడ ఎదురుగా ఉంది, గదిలో ఇంకెవరూ లేరు, మాట పొడుగు కూడా కాదు. పువనేశన్ కిటికీలోంచి తన కారు వైపు చూశాడు.

"సరే పెద్దమ్మా," అన్నాడు. "నీ ఇష్టం."